చెల్లని కాసులు

చిన్నప్పుడు మా ఇంట్లో డాలరంటే అమెరికా డబ్బు కాదు, గొలుసుకు వేలాడేది. "గొలుసు మూడు తులాలు, డాలరు అరతులం" అని మా తాతగారు లెక్క చెబుతుంటే, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆలోచన మాకెవరికీ ఉండేది కాదు. బరంపురం పెద్దబజారులో ఆయనది కంసాలి కొట్టు. కుంపటి, ఊదుగొట్టం, దాగలి, గీటురాయి, గోడవారగా ఒక చెక్కపెట్టె నిండా అచ్చులు. ఇదీ ఆ కొట్టు. ఆ పని నాకు అబ్బలేదు. చదువుకుని బడిలో చరిత్ర పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక మాత్రం మనసు మళ్ళీ లోహం వైపే పోయింది. నాణేల గురించి దొరికింది దొరికినట్టు చదవడం మొదలుపెట్టాను.

అప్పుడు మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ ఒక లావుపాటి పుస్తకం తెచ్చిపెట్టాడు. ఒమాహా ఊరి డాక్టరు ఒకాయన, జడ్ అని, 1959లో తొలిసారి అచ్చువేయించిన పుస్తకానికి కొత్త కూర్పు అది. అందులో ఉన్నవి అమెరికాలో చెలామణి అయిన నాణేలు కావు. చెలామణి కాని నాణేలు. టంకశాలలో కొట్టి చూసి, పెద్దల ముందు పెట్టి, వద్దనిపించుకుని పక్కన పడ్డవి. ఇంగ్లీషులో వాటిని ప్యాటర్న్‌లంటారు. మనం నమూనాలు అనుకోవచ్చు.

ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసినవి బంగారు నాణేల నమూనాలు. దానికి కారణం మా తాతగారే. కొత్త అచ్చు చెక్కినప్పుడు ఆయన దాన్ని నేరుగా బంగారం మీద కొట్టేవారు కాదు. ముందు సీసం ముక్క మీద కొట్టి, కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేవారు. ముక్కు సరిగా తేలిందా, అంచు విరగకుండా వచ్చిందా, ఎక్కడైనా లోతు ఎక్కువైందా అని చూసుకుని, సరిపోకపోతే మళ్ళీ ఉలి పట్టేవారు. సాయంత్రానికి ఆ సీసం ముక్కలన్నీ కరిగి మళ్ళీ ముద్దయిపోయేవి. ఫిలడెల్ఫియా టంకశాలలోనూ అంతే. బంగారు నాణెం కోసం చెక్కిన అచ్చును రాగి మీదనో, తర్వాతి రోజుల్లో అల్యూమినియం మీదనో కొట్టి చూసేవారు. మరీ ముఖ్యమైనదైతేనే బంగారం మీద. తేడా ఒక్కటే. మా తాతగారి సీసం ముక్కలు ఒక్కటీ మిగల్లేదు. వాళ్ళవి కొన్ని మిగిలాయి.

అమెరికా టంకశాల 1792 ఏప్రిల్ 2 నాటి చట్టంతో పుట్టింది. బంగారంలో మూడు నాణేలని ఆ చట్టం చెప్పింది. పది డాలర్లది ఈగిల్, అయిదు డాలర్లది అర ఈగిల్, రెండున్నర డాలర్లది పావు ఈగిల్. ఈగిల్ అంటే గద్ద. బొమ్మను బట్టి నాణేనికి పేరు రావడం మనకు కొత్త కాదు. మన వరహాకూ ఆ పేరు వరాహమూర్తి వల్ల వచ్చిందే.

అసలు గొడవ రెండో వైపు ఏ బొమ్మ ఉండాలన్నదాని మీద వచ్చింది. అధ్యక్షుడి తల ఉండాలని సెనేట్ బిల్లు రాసి పంపింది. రాజుల తలలు నాణేల మీద చూసి చూసి, ఆ రాజుతో యుద్ధం చేసి బయటపడ్డ దేశం అది. ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు. మనిషి తల వద్దు, స్వేచ్ఛకు గుర్తుగా ఒక బొమ్మ ఉండాలంది. చివరికి అదే నిలిచింది. అయితే ఆ వాదన తేలకముందే, వాషింగ్టన్ ముఖంతో నమూనాలు తయారుచేసి పని సంపాదించుకుందామని చూసినవాళ్ళున్నారు. అలా వచ్చిన వాటిలో 1792 నాటి బంగారు ముక్క ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. ఒక పక్క వాషింగ్టన్ తల, ఇంకో పక్క గద్ద. అది కొంత అరిగి ఉంటుంది. వాషింగ్టన్ స్వయంగా జేబులో పెట్టుకుని తిరిగిన ముక్క అదేనని ఎరిక్ న్యూమన్ అనే నాణేల పరిశోధకుడు వాదించాడు. ఆయన 106 ఏళ్ళు బతికి 2017లో పోయాడు. మరుసటి ఏడు ఆ ముక్క వేలంలో 17 లక్షల 40 వేల డాలర్లకు పోయింది. దేశం కాదన్న బొమ్మకు ఆ ధర!

తొలి బంగారు నాణేలు 1795లో గాని బయటికి రాలేదు. ఆలస్యానికి ఒక కారణం వింటే మా వాళ్ళందరూ నవ్వుతారు. వెండి బంగారాలు చేతికిచ్చే ముందు టంకశాల అధికారులు తలా పదివేల డాలర్ల పూచీ రాయాలని చట్టం అడిగింది. అంత పూచీ కట్టగలవాళ్ళు లేక, చివరికి కాంగ్రెసే 1794లో ఆ మొత్తాన్ని తగ్గించింది. బంగారం ముట్టుకునేవాణ్ణి లోకం ఎక్కడైనా ఒకే చూపు చూస్తుందన్నమాట.

ఆ తొలి నాణేలది 22 క్యారెట్ల బంగారం, మన ఆభరణాల మాట్చే. వాటి మీద విలువ రాయలేదన్నది ఇంకా ఆశ్చర్యం. అయిదు డాలర్లన్న మాట అర ఈగిల్ మీదికి 1807లో వచ్చింది. అంతవరకు తూకమే విలువ. మన కాసు మీద మాత్రం ఏం రాసి ఉంటుంది? అయితే ఆ తూకమే వాటి కొంప ముంచింది. అమెరికా చట్టంలో ఒక పాలు బంగారానికి పదిహేను పాళ్ళ వెండి. ఐరోపాలో పదిహేనున్నర దాకా పలికేది. ఇక్కడ వెండి ఇచ్చి బంగారు నాణెం తీసుకుని, అక్కడ కరిగించి అమ్ముకుంటే లాభం. నాణేలు ఓడలెక్కి పోయాయి. 1804తో పది డాలర్ల ఈగిల్ కొట్టడమే మానేశారు. 1834లో నిష్పత్తి మార్చాక గాని బంగారం దేశంలో నిలవలేదు.

ఒక్క డాలరు బంగారు నాణెం కథ ఇంకా వింతగా ఉంటుంది. దాన్ని మొదట కొట్టింది ప్రభుత్వం కాదు. జర్మనీలోని బాడెన్ నుంచి వలస వచ్చి ఉత్తర కెరొలినాలో స్థిరపడ్డ క్రిస్టఫర్ బెక్ట్‌లర్ అనే కంసాలి. ఆ చుట్టుపక్కల గనుల్లో బంగారం దొరికేది. దాన్ని దూరాన ఉన్న ఫిలడెల్ఫియాకు పంపడం కష్టం. బెక్ట్‌లర్ 1831లో మొదలుపెట్టి, తెచ్చినవాళ్ళ బంగారాన్ని కొద్దిపాటి మజూరీకి నాణేలుగా కొట్టి ఇచ్చాడు. తన పేరే దాని మీద ముద్ర. అప్పటి చట్టం కాదనలేదు, జనం నమ్మారు. వేరే భాష మాట్లాడే ఊరు నుంచి వచ్చి, పరాయిగడ్డ మీద తన పేరును పూచీగా పెట్టి నాణెం చెల్లించిన మనిషి. మనలాంటివాళ్ళం తలుచుకోదగ్గ మనిషి.

ప్రభుత్వ టంకశాల 1836లో ఒక డాలరు నమూనా చేసింది. గోబ్రెక్ట్ చెక్కాడు. ఒక వైపు కిరణాలు చిమ్ముతున్న స్వేచ్ఛా టోపీ, మరో వైపు గుండ్రంగా వంచిన తాటాకు కొమ్మ, నడుమ విలువ. ఫొటోలో చూస్తేనే ముచ్చటేస్తుంది. టంకశాల డైరెక్టరు ప్యాటర్సన్‌కు మాత్రం అంత చిన్న నాణెం ఇష్టం లేదు. పని అక్కడితో ఆగింది.

దాన్ని కదిలించింది కాలిఫోర్నియా. 1848 జనవరిలో అక్కడి ఏటి నీళ్ళలో బంగారం కనపడింది. ఏడాది తిరిగేసరికి దేశానికి బంగారం ఏం చేసుకోవాలో తెలియని స్థితి. 1849 మార్చి 3న ఒక డాలరు, ఇరవై డాలర్లు, రెండు కొత్త బంగారు నాణేలకు చట్టం వచ్చింది. చెక్కే పని లాంగేకర్‌ది. ఆయన రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి పేరు తెచ్చుకున్నవాడు. టంకశాలలో ఆయనంటే డైరెక్టరుకు గిట్టదు, నాణేలు కొట్టే విభాగం పెద్ద పీల్‌కు అంతకన్నా గిట్టదు. పీల్ టంకశాల యంత్రాల మీదే సొంతానికి పతకాల వ్యాపారం చేసుకునేవాడు. లాంగేకర్ కొత్త అచ్చులు చెక్కాలంటే ఆ యంత్రాలు కావాలి. అక్కడొచ్చింది చిక్కు.

లాంగేకర్ ఇరవై డాలర్ల అచ్చు తీసుకెళ్ళి ఇచ్చినప్పుడల్లా పీల్ ఒక వంక పెట్టేవాడు. బొమ్మ లోతు ఎక్కువైంది, ఒత్తిడి చాలదన్నాడు. మళ్ళీ చెక్కితే, తల అంచుకన్నా ఎత్తుగా ఉంది, నాణేలు ఒకదాని మీద ఒకటి దొంతరగా నిలబడవన్నాడు. ఈ రెండో వంకలో నిజం లేకపోలేదు. డబ్బు లెక్కపెట్టేవాడికి దొంతర నిలబడాలి. కానీ చేతిలో ఉలి ఉన్నవాడికి ముఖం తేలాలి. ఈ రెండింటి మధ్య తగువు ఏ కాలంలోనైనా ఉన్నదే. ఒక దశలో లాంగేకర్‌ను తీసేసి మరొకరిని పెట్టాలని చూశారు. ఆయన వాషింగ్టన్ వెళ్ళి ఆర్థికమంత్రి మెరిడిత్‌ను స్వయంగా కలిసి ఉద్యోగం నిలబెట్టుకున్నాడు. 1850లో ఇరవై డాలర్ల నాణెం లోకం మీదికి వచ్చింది. 1854లో పీల్‌నే ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ పోరాటానికి సాక్ష్యంగా 1849 తేదీ వేసిన బంగారు నమూనా ఒక్కటి ఇప్పుడు స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉంది. మంత్రికి పంపిన రెండోది ఏమైందో ఎవరికీ తెలియదు.

ఒక డాలరు నాణెం మాత్రం వెంటనే వచ్చింది. వచ్చాక ప్యాటర్సన్ భయపడ్డదే నిజమైంది. అది 13 మిల్లీమీటర్ల నాణెం. చొక్కా గుండీ అంత. జేబులోంచి జారితే దొరకదు. బరువు పెంచడానికి లేదు, బంగారం విలువ మారిపోతుంది. మరి వెడల్పు ఎలా పెంచాలి? 1852లో టంకశాలలో ఎవరికో తట్టింది, నడుమ చిల్లు పెడితే సరి! చిల్లులోంచి తీసిన బంగారాన్ని చుట్టూ పరిస్తే ఉంగరంలాంటి నాణెం, వెడల్పు ఎక్కువ, తూకం అదే. డాలరుకూ అర డాలరుకూ అలాంటి నమూనాలు కొట్టారు. చూడ్డానికి బాగానే ఉన్నా, యంత్రం మీద అలాంటి ముక్క కొట్టడం కష్టం, ఖర్చు ఎక్కువ. వదిలేశారు. 1854లో డాలరును పలచగా చేసి 15 మిల్లీమీటర్లకు పెంచి సరిపెట్టుకున్నారు.

నా వయసువాళ్ళకు చిల్లు కాణీ తెలుసు. యుద్ధకాలంలో, 1943లో, రాగి చాలక బ్రిటిషు ప్రభుత్వం నడుమ చిల్లున్న కాణీలు వేసింది. 1947 దాకా కొట్టారు. మా ఇంట్లో అవి మొలతాడుకు కట్టిన పిల్లలున్నారు. అక్కడ లోహం చాలక కాదు, నాణెం చేతికి చిక్కాలని చిల్లు. ఇక్కడ లోహం మిగలాలని చిల్లు. చిల్లు ఒకటే, బీదరికం వేరు.

ఇంకో నమూనా వెనక దొంగల తెలివి ఉంది. కొందరు బంగారు నాణేన్ని అంచు వెంబడి రంపంతో రెండు రేకులుగా కోసి, లోపలి బంగారం తొలిచేసి, ఆ ఖాళీలో ప్లాటినం బిళ్ళ పెట్టి మళ్ళీ అతికేవారు. ప్లాటినం అప్పట్లో బంగారం కన్నా చవక, బరువు మాత్రం ఎక్కువ. కాబట్టి తూకం సరిపెట్టడం కష్టం కాదు. పైన ఉన్నది అసలు బంగారమే కాబట్టి గీటురాయి మీద గీసినా అసలు గీతే పడుతుంది. గీటురాయి పైపొరనే అడుగుతుంది, లోపలున్నదాన్ని అడగదు. ఇది చదివినప్పుడు తాతగారి గీటురాయి చేతిలోకి తీసుకుని కాసేపు చూస్తూ కూర్చున్నాను. దీనికి మందుగా 1860లో అయిదు డాలర్ల నాణేన్ని పది డాలర్ల నాణెమంత వెడల్పుగా, బాగా పలచగా కొట్టి చూశారు. తొలవడానికి మందమే లేకపోతే దొంగ ఏం తొలుస్తాడు? ఆలోచన మంచిదే. అదీ నమూనాగానే మిగిలిపోయింది.

ఇక నాకు బాగా దగ్గరైన నమూనా స్టెల్లా. అంతకుముందే, 1867లో పారిస్‌లో దేశాలన్నీ కూర్చుని, అందరి నాణేలూ ఒకదానితో ఒకటి చెల్లేట్టు చేద్దామని మాట్లాడుకున్నాయి. ఆ ఊపులో 1868లో అమెరికా ఒక నమూనా చేసింది. దాని మీద అయిదు డాలర్లు అనీ, 25 ఫ్రాంకులు అనీ, రెండూ రాశారు. ముందుకు సాగలేదు. తర్వాత ఆస్ట్రియా-హంగరీలో అమెరికా రాయబారిగా ఉన్న జాన్ కాసన్ మళ్ళీ ఆ ఆశను లేపాడు. నాలుగు డాలర్ల నాణెం వేస్తే ఫ్రాన్సు ఇరవై ఫ్రాంకులకూ ఆస్ట్రియా ఎనిమిది ఫ్లోరిన్లకూ దగ్గరగా ఉంటుంది, మన ప్రయాణికుడు ఏ ఊళ్ళోనైనా ఖర్చుపెట్టుకోగలడు అని ఆయన లెక్క.

1879లో, 1880లో దాన్ని కొట్టారు. జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి ఛార్లెస్ బార్బర్ చెక్కింది, జుట్టు ముడివేసుకున్నది జార్జి మోర్గన్ చెక్కింది. వెనక వైపు పెద్ద నక్షత్రం. లాటిన్‌లో స్టెల్లా అంటే నక్షత్రమే. మద్రాసులో కంపెనీవారు కొట్టిన వరహా మీదా నక్షత్రం ఉండేది. ఆ నక్షత్రం కన్నా కూడా నన్ను ఆకట్టుకున్నది ముందు వైపు అంచు వెంబడి ఉన్న రాత. అందులో ఉన్నది నీతి వాక్యం కాదు, లోహాల జాబితా. 6 గ్రాములు బంగారం, 0.3 వెండి, 0.7 రాగి, మొత్తం 7 గ్రాములు. ఏ దేశపు కంసాలైనా చదివి ఒప్పుకోవాలని నాణెం తన కల్తీని తానే చెప్పుకుంటోంది! ఇంత నిజాయితీగా మాట్లాడిన నాణేన్ని నేను ఇంకోటి చూడలేదు.

కానీ నాలుగు డాలర్లు ఇరవై ఫ్రాంకులకు దగ్గరే గాని, సమానం కాదు. కొంచెం ఎక్కువ. వ్యాపారంలో దగ్గరగా ఉండటం చాలదు. అటు ఫ్రాంకుల వాడికీ సరిపోలేదు, ఇటు డాలర్ల వాడికీ అక్కర్లేకపోయింది. కాంగ్రెసు వద్దంది. విరబోసిన జుట్టుతో ఉన్న 1879 స్టెల్లాలు నాలుగు వందల పైచిలుకు కొట్టారు, మిగతావి బహు తక్కువ. చట్టసభ సభ్యుల చేతికి చేరిన వాటిలో కొన్ని ఆడవాళ్ళ మెడల్లోకి వెళ్ళాయి. ఇప్పటికీ కొన్నింటి అంచు మీద కొక్కెం అతికించి తీసేసిన మచ్చ కనిపిస్తుంది. అంటే చివరికి అది మా తాతగారి లెక్కలో డాలరే అయింది.

నమూనాల కథలో పెద్ద తగాదా 1877 నాటి యాభై డాలర్ల నాణెం మీద వచ్చింది. విలియం బార్బర్ చెక్కిన ఈ నాణేన్ని బంగారంలో రెండే కొట్టారు. ఒక్కొక్కటి ఏడు తులాలకు కాస్త పైన తూగుతుంది. ఆ రెండూ కరిగిపోయాయనే అందరూ అనుకున్నారు. 1909లో విలియం ఉడిన్ అనే రైలుపెట్టెల కంపెనీ పెద్దమనిషి వాటిని ఒక్కోటి పదివేల డాలర్లకు కొన్నాడన్న వార్త బయటపడింది. అమ్మించింది టంకశాల మాజీ అధికారి స్నోడెన్. మూసలోకి పోబోతున్నవాటిని తాను బంగారం విలువ కట్టి తీసుకుని కాపాడానన్నది ఆయన మాట. అవి దేశం సొత్తు, ఆయనకు అమ్మే హక్కెక్కడిదన్నది లోకం మాట. ప్రభుత్వం కలగజేసుకుంది. చివరికి రెండు నాణేలూ టంకశాలకు తిరిగొచ్చాయి. ఉడిన్‌కు బదులుగా పెట్టెల కొద్దీ ఇతర నమూనాలు ఇచ్చారు. ఆ పెట్టెల్లో ఉన్నవాటి ఆధారంతో 1913లో ఆడమ్స్ అనే ఆయనతో కలిసి ఉడిన్ నమూనాల మీద పుస్తకం వేశాడు. ఆ తగాదా లేకపోతే ఆ సరుకు బయటపడేదే కాదేమో.

ఈ ఉడినే 1933లో రూజ్‌వెల్ట్‌కు ఆర్థికమంత్రి అయ్యాడు. ఆ ఏప్రిల్లో ప్రజల దగ్గరున్న బంగారు నాణేలన్నీ ప్రభుత్వానికి అప్పగించాలని ఆజ్ఞ వచ్చింది. అందులో అరుదైన నాణేల సేకర్తలకు మినహాయింపు ఇచ్చారు. దాని వెనక ఉడిన్ చెయ్యి ఉందని నాణేలవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

స్నోడెన్ చేసింది దొంగతనమా, ఉపకారమా? నేను చాలాకాలం ఆలోచించాను. అప్పట్లో టంకశాల అధికారులు నమూనాలను చాటుగా మళ్ళీ కొట్టి తెలిసినవాళ్ళకు అమ్ముకునేవారన్నది నిజం. అందుకే 1887లో డైరెక్టరు కింబాల్ ఆ పద్ధతి ఆపించాడు. లాభం చూసుకున్నవాళ్ళే కాపాడినవాళ్ళు కూడా అయ్యారు. నియమం ప్రకారం నడిచినవాళ్ళు నిజాయితీగా కరిగించేశారు. నాకు తోచిన తీర్పు ఇది: కాదన్నదాన్ని దాచే బాధ్యత కాదన్నవాళ్ళదే. వాళ్ళు దాచకపోతే ఎవరో ఒకరు తూకం డబ్బు కట్టి దాస్తారు, తర్వాత దొంగ అనిపించుకుంటారు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా నాన్నగారు 2003లో పోయాక కొట్టు మూతపడింది. యంత్రాల నగలు బజారు నిండా వచ్చాక చేతి అచ్చుతో ఎవరికి పని? మా తమ్ముడు పాత సామాను తీసేద్దామని ఇత్తడి కొనేవాణ్ణి పిలిచాడు. వాడు చెక్కపెట్టె తెరిచి, అచ్చులు ఒక్కోటి చేత్తో ఎగరేసి చూసి అన్నాడు.

"మాస్టారూ, ఇందులో బొమ్మలున్నా లేకపోయినా తూకం తూకమేనండి. పనితనానికి రేటుండదు."

వాడి మాటలో తప్పేమీ లేదు. వాడు కట్టిన ధరే మా తమ్ముడి చేతిలో పెట్టి, పెట్టె నేను తెచ్చుకున్నాను. స్నోడెన్ లెక్కన చూస్తే నేనూ లోహం విలువ కట్టినవాణ్ణే.

మొత్తం అరవైమూడు అచ్చులు. మామిడిపిందెలు, చిలకలు, గోధుమగింజలు, లక్ష్మి కాసు, రకరకాల పుస్తెలు. ఒక్కోటీ తుడిచి, మెత్తటి మైనం మీద ఒత్తి, పక్కన పేరు రాసుకుంటూ పోయాను. నాలుగు రోజులకు ఒక సంగతి తెలిసింది. ఎక్కువగా వాడిన అచ్చుల అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. కొన్నింటి అంచులు మాత్రం ఉలి దిగిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అంటే చెక్కారు గాని వాడలేదు. అవి మా తాతగారి నమూనాలు.

వాటిలో ఒకటి పుస్తె అచ్చు. మామూలుగా మా పుస్తెల మీద ఉండే గుర్తుల చోట, రెండు పెద్ద గుండ్రటి కళ్ళు. జగన్నాథస్వామి కళ్ళు. చూసి నిర్ఘాంతపోయాను. మా చిన మేనత్తకు అప్పటికి ఎనభై దాటాయి. ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. వేళ్ళతో తడిమి గుర్తుపట్టింది.

"ఇదా! మీ తాత దీన్ని సీసం మీద కొట్టి అందరికీ చూపించేడురా. ఈ ఊళ్ళో పుట్టి ఈ స్వామి కళ్ళ ముందు పెరిగిన ఆడపిల్లకి ఇది మెళ్ళో ఉంటే తప్పేంటి అనేవోడు. మనోళ్ళు, ఇది మన ఆనవాయితీ కాదు అన్నారు. ఒడియావోళ్ళు, మాకు పుస్తెలెక్కడివి అన్నారు. ఇద్దరూ వద్దనీసేరు."

అంతే. నాలుగు డాలర్ల నాణేనికి వాషింగ్టన్లో ఏం జరిగిందో, ఆ పుస్తెకు పెద్దబజారులో అదే జరిగింది. రెండు వైపులా చెల్లాలని చెక్కినది రెండు వైపులా చెల్లలేదు. అయితే మా తాతగారు చదువుకున్నవాడు కాదు, ఉపన్యాసాలు ఇచ్చినవాడు కాదు. 1936లో గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఏమనుకున్నారో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ ఊళ్ళో మనం ఎవరం అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు ఆ అచ్చు ఒక్కటే. తులం బరువు కూడా లేని జవాబు. అరిగిపోయిన అచ్చులు మన వాళ్ళు ఏం వేసుకున్నారో చెబుతాయి. అరగని అచ్చు ఒక మనిషి ఏం అనుకున్నాడో చెబుతుంది. తూకానికి పోయి ఉంటే రెండూ ఒకే ముద్ద.

అమెరికావాళ్ళు చెల్లని నాణేలకు అంకెలు వేశారు, లోహం రాశారు, ఎవరు చెక్కారో ఎవరు వద్దన్నారో రాశారు. అది డబ్బున్న దేశం చేయగలిగిన పనే అయినా, డబ్బుతోనే అయ్యే పని కాదు. మైనం, కాగితం, ఒక పెన్సిలు చాలు. హోసూరులో, బళ్ళారిలో, యానాంలో, షోలాపూరులో ఈ పత్రిక చదివే ఇళ్ళలో కంసాలి అచ్చులుంటాయి, చీరల అంచులకు గీసుకున్న కాగితాలుంటాయి, కలంకారీ దిమ్మలుంటాయి. వాటిలో అరగనివి వెతకండి. ఎవరు చెక్కారు, ఎవరి కోసం, ఎందుకు వద్దన్నారు అని ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి పక్కన రాయండి. మా మేనత్త ఆ మాట చెప్పిన ఆరు నెలలకే పోయింది. ఆ అచ్చు పక్కన ఆవిడ మాటలు, ఆవిడ అన్నట్టే, నా పుస్తకంలో ఉన్నాయి.